హుద్‌హుద్ మంచై కురిసిన రోజు

2014 అక్టోబరు 12, ఆదివారం. శ్రీకాకుళం జిల్లాలో నందిగాం, టెక్కలి, పలాస... ఎక్కడ విన్నా ఒకటే మాట: తుపాను ఎక్కడ దాటుతుంది? సరిగ్గా ఏడాది కిందట, అదే తేదీ రాత్రి, ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి భయం మా ఉద్దానం ప్రాంతానికి ఇంకా పచ్చిగానే ఉంది. మధ్యాహ్నానికి కబురు తేలింది. హుద్‌హుద్ విశాఖ మీద పడింది. గండం దక్షిణానికి తప్పుకుందని ఇటువైపు జీడి, కొబ్బరి రైతులు కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత పత్రికల నిండా విశాఖే. కూలిన చెట్లు, వంగిన స్తంభాలు, చెదిరిన విమానాశ్రయం. తుపాను బలహీనపడిందని లోపలి పేజీలో ఒక ముక్క రాసి ఊరుకున్నాం. అది మాత్రం ఊరుకోలేదు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి సాగింది. గాలి జోరు తగ్గినా, బంగాళాఖాతంలో తాగిన నీరు దాని కడుపులోనే ఉంది. ఆ తడిగాలి హిమాలయాలకు కొట్టుకుని పైకి లేచింది. దిగువన వాన, ఎగువన మంచు.

విశాఖ నుంచి దాదాపు తిన్నగా ఉత్తరానికి 1,200 కిలోమీటర్ల దూరంలో, నేపాల్‌లో, థొరాంగ్ లా కనుమ ఉంది. ఎత్తు 5,416 మీటర్లు. దానికి పడమటి దిగువన ముక్తినాథ్. 108 దివ్యదేశాల్లో సాలగ్రామంగా కొలిచే క్షేత్రం అదే. అక్టోబరులో అక్కడ వానలు వెనకబట్టి ఆకాశం తేటగా ఉంటుంది. అన్నపూర్ణ పర్వతాల చుట్టూ నడిచేవాళ్లకు అదే అసలు సీజన్.

14వ తేదీ తెల్లవారకముందే తూర్పు శిబిరాల నుంచి జనం ఎక్కడం మొదలుపెట్టారు. అప్పటికే మంచు పడుతోంది. మోకాళ్లు మునిగాయి, తర్వాత నడుము. దారి చూపే గుర్తు కర్రలు కనబడలేదు. నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. ముందు నడిచే మనిషి నాలుగడుగుల్లో మాయం. పన్నెండు గంటల్లో దాదాపు ఆరడుగుల మంచు పేరుకుంది.

కనుమ మీద ఒక చిన్న టీ కొట్టు ఉంది. అందులో కిక్కిరిసి నిలబడ్డవాళ్లకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఉండిపోదామా, దిగిపోదామా? చీకటి పడేలోగా ముక్తినాథ్ చేరొచ్చని కొందరు బయటపడ్డారు. ఆ దిగుడు దారిలోనే చాలామంది రాలిపోయారు. కొట్టులో ఉండిపోయినవాళ్లలో కొందరు ఒకరినొకరు నిద్రపోనివ్వకుండా, ఒళ్లు చల్లబడకుండా తెల్లవార్లూ కూర్చుని బతికి బయటపడ్డారు.

కొండ తెలిసినవాళ్లు చెప్పేదీ అదే. దారి కనబడనప్పుడు నడక ప్రాణం తీస్తుంది, నీడన ఆగడం నిలబెడుతుంది. తడిసిన మేజోళ్లు వెంటనే మార్చాలి. ఒళ్లు నేలకు తగలకుండా సంచో తాడో కింద వేసుకోవాలి. మొద్దుబారిన వేళ్లను మంచుతో రుద్దకూడదు. మళ్లీ గడ్డకట్టే చోట వాటిని వేడి చేయకూడదు కూడా.

నేపాల్ సైన్యం హెలికాప్టర్లు రోజుల తరబడి తిరిగాయి. 500 మందికి పైగా బయటపడ్డారు. కనుమ మీదా, చుట్టుపక్కల కొండల్లోనూ కలిపి కనీసం 43 మంది చనిపోయారు. విదేశీ యాత్రికులే కాదు, గైడ్లు, బరువులు మోసే కూలీలు, చమరీమృగాల కాపరులు కూడా. బూట్లు, కోట్లు కొనుక్కోగలిగినవాళ్ల సామాను మోసింది పలచని జాకెట్ల మనుషులని వేరే చెప్పాలా?

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. అదే తుపాను గురించి మన తీరంలో రోజుల ముందే మత్స్యకారులను వేటకు వెళ్లొద్దన్నారు, పల్లపు ఊళ్లను ఖాళీ చేయించారు. తీరం దాటిన రెండు రోజులకు కూడా ఆ కబురు కొండ మీది శిబిరాలకు సరిగా అందలేదు. ముందస్తు హెచ్చరికల లోపాన్ని ఆనాటి నేపాల్ ప్రధాని సుశీల్ కొయిరాలా కూడా ఒప్పుకున్నారు.

ముప్పు హుద్‌హుద్‌తోనే ఆగలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కనే తీరం దాటి ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపాన్ల కాలమే. ఆ నెలల్లో మీ ఇంటివాళ్లు ముక్తినాథ్‌కో, హిమాలయాల్లో ఇంకెక్కడికో బయల్దేరితే, అక్కడి వాతావరణంతో పాటు బంగాళాఖాతం బులెటిన్ కూడా చూడమనండి. తుపాను ఉందంటే, అది తీరం దాటిన తర్వాత కూడా నాలుగు రోజులు కింది ఊళ్లోనే ఆగమనండి.