ఎల్ అనట్సుయ్: సీసా మూతలను చరిత్ర విద్యార్థి ఎలా చదవాలి?

చరిత్ర ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. పారవేసిన సీసా మూతకు ఆ జాబితాలో చోటుందా? సమకాలీన ఆఫ్రికన్ శిల్పి ఎల్ అనట్సుయ్ కృషి ద్వారా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

అనట్సుయ్ 1944లో బ్రిటిష్ పాలనలోని గోల్డ్ కోస్ట్‌లో, అన్యాకో అనే ఊరిలో జన్మించారు. గోల్డ్ కోస్ట్ 1957లో స్వతంత్ర ఘనాగా అవతరించింది. కుమాసీలో శిల్పకళ అభ్యసించిన ఆయన 1975 నుంచి నైజీరియాలోని న్సుక్కాలో విశ్వవిద్యాలయ అధ్యాపకులుగా పనిచేశారు. మొదట కలపతో, మట్టితో శిల్పాలు చేశారు. 1990ల చివరలో మద్యం సీసాల అల్యూమినియం మూతలు నిండిన ఒక సంచి ఆయనకు దొరికింది.

సహాయకులతో కలిసి ఆ మూతలను చదును చేసి, మడిచి, రంధ్రాలు వేసి, రాగి తీగతో ఒకదానికొకటి కలిపారు. వేలాది మూతలు కలిసి పెద్ద లోహపు వస్త్రంలా తయారయ్యాయి. వీటిని చూస్తే ఘనాలో నేసే కెంటే వస్త్రం గుర్తుకు వస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 'మ్యాన్స్ క్లాత్' ఇటువంటిదే. ఈ శిల్పాలకు స్థిరమైన ఆకారం లేదు; వేలాడదీసిన ప్రతిసారీ మడతలు మారుతాయి. 2015లో వెనిస్ బియన్నాలే ఆయనకు జీవిత సాఫల్యానికి గాను గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చింది.

ఇక మూతల విషయానికి వద్దాం. ఐరోపా వర్తకులు పశ్చిమ ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ఒకటి. దానిని ఇచ్చి మనుషులను కొన్నారు. అలా అమెరికా ఖండాలకు తరలించిన బానిసల శ్రమతో చెరకు పండించారు. ఆ చెరకు నుంచి రమ్ము తయారైంది. సీసా మూత మూడు ఖండాల ఈ సంబంధాన్ని గుర్తుచేస్తుంది.

అయితే ఇక్కడ ఒక తేడా గమనించండి. ఈ మూతలు బానిస వ్యాపార కాలం నాటివి కావు, మన కాలపు మద్యం సీసాలవి. కాబట్టి ఆ వ్యాపారానికి అవి ప్రత్యక్ష ఆధారం కావు. దాని పరిమాణం తెలియాలంటే ఓడల రికార్డులు, వర్తకుల లెక్కల పుస్తకాలే చూడాలి. కాని ఆ పుస్తకాలు ఎక్కువగా కొన్నవారు రాసినవి. అమ్ముడైన మనిషి వాటిలో తరచుగా ఒక అంకె మాత్రమే. ఆ అంకె వెనుక ఉన్నదెవరని అడిగేలా చేయడమే ఈ శిల్పం విలువ. గతానికి ఇది సాక్ష్యం కాదు, గతాన్ని నేటి ఆఫ్రికా ఎలా స్మరిస్తున్నదో చెప్పే ఆధారం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: చారిత్రక ఆధారానికీ, చారిత్రక స్మృతికీ గల తేడాను అనట్సుయ్ శిల్పాల ఉదాహరణతో వివరించండి.