నాకు తగ్గిందిగా మరి!

గురజాల దగ్గర మా ఊళ్ళో కామెర్లొస్తే ముందు పసరు, ఆ తర్వాతే డాక్టరు. ఎనిమిదో తరగతిలో నాకొచ్చాయి. పసరు తాగి, చప్పిడి మజ్జిగన్నం తిని, మూడు వారాల్లో లేచి తిరిగాను. రెండేళ్ళకి బాబాయికొచ్చాయి. అదే చెయ్యి, అదే పసరు. నరసరావుపేట తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. "నీకు తగ్గిందిగా మరి" అని నాయనమ్మ ఇప్పటికీ నన్నే సాక్ష్యం పెడుతుంది.

ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ ఆత్మకథ 'ఎ సైంటిస్ట్ ఇన్ వండర్‌లాండ్' (2015) చదువుతున్నంతసేపూ ఆ మాటే గుర్తొచ్చింది. ఈ జర్మన్ డాక్టరు బయట నిలబడి రాళ్ళేసిన మనిషి కాదు. వైద్యుడిగా మొదట పనిచేసింది మ్యూనిక్‌లోని హోమియో ఆస్పత్రిలోనే. తర్వాత వియన్నాలో ప్రొఫెసరుగా ఉంటూ, అక్కడి వైద్య కళాశాల నాజీల కాలంలో ఏం చేసిందో తవ్వాడు. అదీ చాలామందికి నచ్చలేదు. 1993లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ప్రత్యామ్నాయ వైద్యానికి ప్రొఫెసరయ్యాడు.

ఆయన అడిగింది చాలా మామూలు ప్రశ్న. రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒకరికి మందూ ఇంకొకరికి ఉత్తుత్తి మాత్రా ఇస్తే తేడా కనిపిస్తుందా? ఓ మోస్తరు డిప్రెషన్‌కి సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక పనిచేస్తుందని తేలింది, రాశాడు. హోమియోలో తేడా తేలలేదు, అదీ రాశాడు. 2005లో ప్రిన్స్ చార్ల్స్ చేయించిన నివేదికను పత్రికలో విమర్శిస్తే, యువరాజు కార్యదర్శి యూనివర్సిటీకి ఫిర్యాదు చేశాడు. 13 నెలల విచారణ. తప్పు చేయలేదని తేలింది గానీ నిధులు ఎండిపోయాయి. 2011లో ముందుగానే రిటైరయ్యాడు. పుస్తకంలో కొన్నిచోట్ల పాత కక్షలు తీర్చుకుంటున్నట్టే ఉంటుంది. అయినా ఆ ప్రశ్న మాత్రం నిలబడుతుంది.

మనకి ఆ ప్రశ్న 2021 మేలో వచ్చింది. కరోనాకి ఆనందయ్య మందంటూ కృష్ణపట్నానికి జనం పోటెత్తారు. హాని లేదన్న నివేదికల మీద, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి మే 31న ప్రభుత్వం అనుమతిచ్చింది. 'హాని లేదు' అన్న మాట ఊళ్ళోకొచ్చేసరికి 'పనిచేస్తుంది' అయిపోయింది.

కామెర్లన్నీ ఒకటి కావు. పిల్లలకి ఎక్కువగా వచ్చే హెపటైటిస్-ఎ చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. లివర్ బాగా దెబ్బతిని వచ్చేవి అలా ఆగవు. నాకు ఏం తాగకపోయినా తగ్గేదేమో. అలా పసరు లేకుండానే లేచి తిరిగిన పిల్లల్ని మా ఊళ్ళో ఎవరూ లెక్కపెట్టలేదు. నన్ను లెక్కపెట్టారు. ఆ లెక్క చూసే బాబాయి ఆస్పత్రికి వెళ్ళకుండా ఆగాడు.