ఆప్తవాక్యమూ ఉపపత్తీ: ఒక సంఖ్య చరిత్ర

సాహిత్య పత్రికలో ఈ అంకెల గొడవ ఏమిటని మిత్రులు అడగవచ్చు. ప్రమాణాల గురించి మాట్లాడే ప్రతి విమర్శకుడికీ ఈ గొడవతో పని ఉందని నా అభిప్రాయం.

170141183460469231731687303715884105727. ఇది 39 అంకెల ప్రధాన సంఖ్య. అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడదు. 127 రెండ్లను గుణించి, ఆ లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది.

1644లో ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ ఒక జాబితా ప్రకటించాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ఇటువంటి ప్రధాన సంఖ్యలను ఇస్తాయన్నాడు. ఉపపత్తి చూపలేదు. దేకార్త్, ఫెర్మాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపిన పండితుడు గనుక ఆయన మాట ఆప్తవాక్యమై నిలిచింది. 31 విషయంలో అది నిజమేనని 1772లో ఆయిలర్ నిరూపించాడు. 127 సంగతి తేలడానికి మరో శతాబ్దం పట్టింది.

1876లో దాన్ని తేల్చినవాడు ఎదువార్ లూకా. ఫ్రాన్సులో ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి బతికినవాడు. కారణాంకాల కోసం వెతకడం మానేయడంలోనే ఆయన ప్రతిభ ఉంది. 3తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి. వచ్చినదాన్ని పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకోవాలి. మళ్ళీ అదే పని. 7 ఘాతాంకంగా వచ్చే 127నే తీసుకుందాం: 3, 7, 47, 48, 16, 0. అయిదో మెట్టులో సున్నా వచ్చింది గనుక 127 ప్రధానం. మన పెద్ద సంఖ్యకు ఇటువంటి మెట్లు 125. యంత్రం లేదు, అంతా చేతిలెక్క. 1951 వరకు ఇంతకు మించిన ప్రధాన సంఖ్య లోకానికి తెలియలేదు.

అదే సంవత్సరం, 67 విషయంలో మెర్సెన్ మాట తప్పని కూడా లూకా చూపాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని 1903లో అమెరికన్ గణితవేత్త కోల్ బయటపెట్టాడు. జాబితాలో లేని 61ని 1883లో రష్యాలో ఒక చర్చి పూజారి, ఇవాన్ పెర్వుషిన్, చేర్చాడు. తరువాత 89, 107 చేరాయి, 257 తొలగిపోయింది. మొత్తం అయిదు తప్పులు.

మెర్సెన్‌ను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. తరాల తరబడి శ్రమకు ప్రశ్నను అందించింది ఆయనే. కాని ఒక సంగతి గమనించాలి. 127 గురించి ఆయన చెప్పింది నిజం, 67 గురించి చెప్పింది అబద్ధం. రెండింటినీ ఒకే ధీమాతో, ఒకే వరుసలో చెప్పాడు. జాబితాను ఎన్నిసార్లు చదివినా ఏది ఏదో తెలియదు. తేడాను తేల్చింది పండితుడి ప్రతిష్ఠ కాదు, ఒకరి తరువాత ఒకరు చేసిన చాకిరీ.

మన విమర్శలోనూ జాబితాలకు కొదవ లేదు. ఫలానాది మహాకావ్యం, ఫలానావాడు యుగకర్త అని తరగతి గదుల్లో నేనూ విద్యార్థులకు చెబుతూనే ఉన్నాను. ఆ మాటలు నిజమే కావచ్చు. అయితే పెద్దలన్నారు గనుక నిజమని ఒప్పుకున్నంత కాలం, వాటిలో ఏది 127 తరగతిదో, ఏది 67 తరగతిదో మనకు తెలియదు. గ్రంథం తెరిచి, మెట్టు మెట్టుగా లెక్క చూపవలసిందే.