లాటిను పేరులో తెలుగు బంగారం

శాస్త్ర పరిభాషకు దేశం లేదనీ, అది మానవులందరి ఉమ్మడి సొత్తనీ అంటారు. ఈ మాటలో సగమే నిజం. ఇంగ్లీషు వాక్యంలో లాటిను జాతినామం ఎలా ఇముడుతుందో, దాని వెనుక ఏ చరిత్ర ఉందో పరిశీలిస్తే మిగతా సగం బోధపడుతుంది.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో మొక్కలకూ, 1758లో జంతువులకూ రెండేసి మాటల పేర్లు క్రమబద్ధంగా వాడాడు. అంతకుముందు మొక్క పేరంటే తరచుగా ఒక పొడుగాటి లాటిను వర్ణనే. లిన్నేయస్ పద్ధతిలో మొదటి మాట ప్రజాతిని, రెండూ కలిసి జాతిని తెలుపుతాయి. ఇంగ్లీషులో మొదటిది పెద్ద అక్షరంతోనూ, రెండవది చిన్న అక్షరంతోనూ మొదలవుతుంది. రెండూ వాలు అక్షరాల్లో అచ్చవుతాయి. 'ఎ', 'ది' వంటివి సాధారణంగా ముందు చేరవు. 'హోమో సేపియన్స్' చివరి సకారాన్ని చూసి బహువచనమని భ్రమించేవారున్నారు. లాటినులో అది ఏకవచనమే. రెండోసారి వచ్చినప్పుడు మొదటి మాటను పొడి అక్షరానికి కుదించవచ్చు. రెండో మాటను మాత్రం ఒంటరిగా వాడకూడదు. మామిడి 'మాంజిఫెరా ఇండికా', చింత 'టామరిండస్ ఇండికా'. ఉత్త 'ఇండికా' అంటే ఏ చెట్టని అర్థం చేసుకోవాలి?

ఈ విధంగా లాటిను పేరు ఇంగ్లీషు ఇంట్లో ఉంటూనే తన ఆచారం తాను పాటిస్తుంది. అయితే ఆ లాటిను అంతా లాటినేనా?

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించాడు. 1796లో వెలువడిన కోరమండల్ తీరపు సర్పాల గ్రంథంలో తెలుగువారి పేర్లనే నమోదు చేశాడు. పసుపు, నలుపు పట్టీల పాముకు ఆయన విన్న పేరు 'బంగారుపాము'. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ ఆ మాటనుంచే 'బంగారస్' ప్రజాతిని ఏర్పరచాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్నైడర్ 1801లో మన కట్లపామును మరో ప్రజాతిలో చేర్చి 'సెరూలియా', అంటే నీలి రంగుది, అన్నాడు. అది స్త్రీలింగ రూపం. పాము 'బంగారస్'లోకి మారేసరికి 'సెరూలియస్' అయింది. తెలుగు బంగారం లాటినులో పుంలింగమై, విశేషణాన్ని తన లింగానికి తిప్పుకుంది!

రక్తపింజర పేరు 'దబోయా రస్సెలీ'. మొదటి మాట హిందీ నుంచి వచ్చింది. రెండవదానికి 'రస్సెల్ యొక్క' అని అర్థం. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాల్లో ఇలాంటి వ్యక్తినామాలకు పెద్ద అక్షరం వేసేవారు. నేటి నియమం దొరగారికీ చిన్న అక్షరమే ఇస్తుంది. అయినా పేరు పెట్టినవారిగా ష్నైడర్, దోదాన్ వంటివారే గ్రంథస్థులయ్యారు. పామును పాముగా గుర్తించి, రంగు చూసి మాట పుట్టించిన జనానికి ఆ నియమావళిలో చోటు లేదు. విజ్ఞానానికి ముడిసరుకు ఇక్కడిది, ముద్ర అక్కడిది.

అందుచేత లాటిను పేర్లను తోసిపుచ్చాలని కాదు. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు. కనుక మన వ్యాసాల్లో రెండు మాటలూ కలిపి రాయడమే ఆ పేరుకు గుర్తు. వాటిని అనువదిస్తే ప్రయోజనం చెడుతుంది. 'నీలి బంగారం' అంటే ఏ పామో ఎవరికీ తెలియదు. లాటిను పేరు పక్కనే జనం పేరు కూడా రాయడం మన విధి. 'బంగారస్ సెరూలియస్' అని రాసేవాడు 'కట్లపాము' అని కూడా రాస్తేనే, ఆ పాము కాటుకు గురయ్యే పొలం కూలీకి మన వ్యాసం ఉపయోగపడుతుంది.