పాత జీపు – క్రొత్త రంగు

మన పల్లెలలో ఒకప్పుడు ‘జీపు వచ్చినది’ అనిన ‘అధికారి వచ్చినాడు’ అనియే అర్థము. బ్లాకు అభివృద్ధి అధికారి గాని, సర్వేవారు గాని, టీకాలు వేయువారు గాని, ఎన్నికల పెట్టెలు గాని బండిబాటల వెంట చేరుటకు అదియే సాధనము. 1940ల చివర బొంబాయిలో మహీంద్రావారు విల్లీసు జీపులను కూర్చుట మొదలిడిన నాటినుండి ఎన్ని వేల జీపులు సర్కారు కొలువు చేసినవో! కొలువు తీరిన పిదప వాటి గతి మనలో అందఱు ఎఱిగినదే: కండెము చేయుట, షెడ్డు వెనుక వానకు వదలుట, వేలము వేయుట. వేలములో కొన్నవాడు మొదట చేయించు పని పాత రంగును గీకించి తళతళలాడు పచ్చరంగు వేయించుట.

అతనిని నేను తప్పుపట్టను. వేలకొలది ఉన్న బండ్లలో ఒకటి క్రొత్తబట్ట కట్టుకొనిన చరిత్రకు వచ్చిన లోటు లేదు. కాని తన జాతిలో మొదటిది, లేదా ఒక్కటియే మిగిలినది, మన చేతికి చిక్కినయెడల ఏమి చేయవలెను? నూతనముగా చేసి నడుపవలెనా? ఉన్నది ఉన్నట్లు కాపాడవలెనా? ఈ ప్రశ్నకు రెండు వాహనముల కథలు రెండు విధములుగా బదులు చెప్పుచున్నవి.

మొదటిది జీపు జన్మవృత్తాంతమునకు చేరినది. 1940లో అమెరికా సైన్యము నాలుగు చక్రములకును ఇంజను బలము అందు ఒక తేలిక వాహనమును కోరెను. నూటికి పైబడిన సంస్థలకు పిలుపు వెళ్లగా, గడువునకు లోబడి చేయుదుమని ముందుకు వచ్చినది పెన్సిల్వేనియాలోని బాంటం అను చిన్న సంస్థ. కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు జూలైలో కొలది దినములలోనే పటములు గీసెను. 49 దినముల గడువు తీరునాటికి, సెప్టెంబరు 23న, మొదటి బండి మేరీలాండులోని హోలబర్డు శిబిరమునకు చేరెను. బండి సైన్యమునకు నచ్చినది. అయితే బాంటంవారికి పెద్ద కార్ఖానా లేదు. సైన్యమువారు ఆ పటములను విల్లీసు, ఫోర్డు సంస్థలకును చూపిరి. నవంబరులో విల్లీసువారి ‘క్వాడ్’, అదే నెల 23న ఫోర్డువారి ‘పిగ్మీ’ పరీక్షకు వచ్చినవి. తుదకు కీర్తియు లాభమును పెద్ద సంస్థలకు దక్కగా, బాంటంవారు యుద్ధకాలమంతయు ట్రెయిలర్లు చేయుచు మిగిలిపోయిరి. ముసాయిదా ఒకరిది, సంతకము మఱియొకరిది అగుట ఎఱిగిన కచేరీ ఉద్యోగులకు ఇందు వింత తోపదు.

పిగ్మీ యొక్క చదునైన బానెట్టు, ముందు జాలిలోనికి చేర్చిన దీపములు తరువాతి జీపులకెల్ల ముఖరూపమైనవి. విల్లీసు, ఫోర్డు సంస్థలు యుద్ధము ముగియులోపల ఆఱు లక్షలకు పైగా జీపులు చేసినవి. అన్ని లక్షలకు మూలమైన ఆ పరీక్షా వాహనములలో బాంటం మొదటి బండి నేడు లేదు, క్వాడ్ లేదు. పిగ్మీ మాత్రము హెన్రీ ఫోర్డు స్థాపించిన మ్యూజియమునకు చేరి, 1982లో వేలమునకు వచ్చి, పిదప అలబామా రాష్ట్రమున హంట్స్‌విల్ నగరములోని మ్యూజియమునకు పోయినది. 2015లో అమెరికా చారిత్రక వాహనముల జాతీయ పట్టికకు ఎక్కినది. తెలిసినంతలో మిగిలిన జీపులన్నింటిలో ఇదియే మొదటిది. దానిని ఎవ్వరును క్రొత్తదానిగా మార్చబూనకుండుటయే దాని అదృష్టము.

క్రొత్తదానిగా మార్చిన పోవున దేమి యని అడుగవచ్చును. ఒక చిన్న ఉదాహరణము చెప్పెదను. యుద్ధకాలమున ఫోర్డువారు తమ జీపులలోని మరలపై, తుదకు బోల్టుల తలలపై సైతము ‘ఎఫ్’ అను అక్షరమును ముద్రించిరి. ఏ భాగము ఎవరు చేసినదో నేటికిని ఆ గుర్తే సాక్ష్యము. తుప్పుపట్టిన బోల్టును తీసి బజారు బోల్టు బిగించిన మెకానిక్కు తన పని చక్కగనే చేసినాడు. కాని సాక్షి మాత్రము చెత్తబుట్టలో పడినాడు. రంగు విషయమును అట్టిదే. పొరమీద పొరగా ఉన్న రంగులు ఆ బండి ఎప్పుడు ఎవరి కొలువులో ఉండెనో చెప్పును. ఇసుకతో గీకిన గంటలో ఆ చరిత్ర అంతయు నేలరాలును. మన ఫైలులో విలువ అంచులలోని నోట్సులో ఉండునే కాని, టైపు చేసిన శుభ్రప్రతిలో ఉండదు గదా!

అట్లని తుప్పును పూజింపవలెనని నా వాదము కాదు. రెండవ కథ ఇందుకే చెప్పుచున్నాను. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల విద్యార్థులు ఆఱుగురు రెండు ల్యాండ్‌రోవరులలో లండను నుండి సింగపూరుకు బయలుదేరిరి. బండ్ల పేర్లును ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జియే. ఇరాను, పాకిస్తానుల మీదుగా మన దేశము చేరి, కలకత్తా దాటి అస్సామునకు వచ్చిరి. అచటి లీడో నుండి బర్మాకు యుద్ధకాలమున వేసిన బాటను అడవి తిరిగి ఆక్రమించుకొనుచుండెను. ఆ బాటనే బర్మాలో ప్రవేశించి 1956 మార్చిలో సింగపూరు చేరిరి. వారిలో ఒకరైన టిమ్ స్లెసర్ 1957లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను.

కేంబ్రిడ్జి బండి తరువాత నశించినది. ఆక్స్‌ఫర్డు పక్షిశాస్త్రజ్ఞులతో అసెన్షను దీవికి, అచటినుండి సెయింటు హెలీనాకు పోయి, దశాబ్దముల తరబడి అక్కడనే ఉండిపోయెను. ల్యాండ్‌రోవరు పైరేకు అల్యూమినియపు మిశ్రలోహము. అది తుప్పు పట్టదు. అడుగు చట్రము ఉక్కు. ఈ రెండు లోహములు కలిసిన చోట ఉప్పుగాలి చేరిన క్షయము తప్పదు. 2017లో ఇంగ్లండునకు తిరిగి చేరిన ఆ బండిని అట్లే గాజుగదిలో ఉంచక, మరల నడచునట్లు బాగుచేసిరి. 2019 ఆగస్టులో అది సింగపూరులో బయలుదేరి డిసెంబరులో లండను చేరినది. 87 ఏండ్ల స్లెసర్ దానిలో రావలసియుండెను. సింగపూరులో జబ్బుపడుటచే మనుమడు ఆయన స్థానమున కూర్చుండెను.

పిగ్మీని కదపరాదన్న నేను ఆక్స్‌ఫర్డును నడుపుటకు సమ్మతించుట పరస్పర విరుద్ధముగా తోపవచ్చును. నా దృష్టిలో మొదట తేల్చవలసినది ఆ వాహనము దేనికి సాక్షి యన్నది. పిగ్మీ ఎట్లు తయారైనదనుటకు సాక్షి. దాని లోహమే దాని వాఙ్మూలము. ఆక్స్‌ఫర్డు కార్ఖానాలో వేలకొలది తోబుట్టువులతో పుట్టినది. దానికి పేరు తెచ్చినది నడక. మన జీర్ణోద్ధారణ సంప్రదాయములోను ఈ వివేకము కలదు. నిత్యపూజ జరుగు గుడి కప్పు కురిసిన బాగుచేయక తప్పదు. ఆ మరమ్మతు వంకతో గోడలోని శాసనములపై సున్నము కొట్టినవారిని మాత్రము చరిత్రకారులు నేటికిని క్షమింపలేదు.

ప్రాచీన వాహన సంఘముల అంతర్జాతీయ సమాఖ్య అంగీకరించిన ట్యూరిను పత్రమును ఇంచుమించు ఈ దారినే పట్టినది. 1964 నాటి వెనిసు పత్రము కట్టడములకు విధించిన నియమములను అది వాహనములకు అన్వయించినది. మార్పు వీలైనంత తక్కువగా చేయవలెను, చేసినదానిని వ్రాసియుంచవలెను. తీసిన పాత భాగమును పారవేయక చీటి కట్టి దాచవలెనని నేను చేర్చుదును. ఆక్స్‌ఫర్డువంటి బండికి ఇది మఱింత అవసరము. నడచుచున్నంత కాలము అరుగుట తప్పదు, అరిగిన కొలది మార్చుట తప్పదు. నలుబది ఏండ్లు పోయిన పిదప అందు 1955 నాటి దేదియో చెప్పుటకు ఆ వ్రాతలే దిక్కు.

మన షెడ్లలోని జీపులకు ఇట్టి పత్రములు అక్కఱలేదనువారు ఉందురు. ఏ జీపు ఏ మన్యములో మలేరియా మందు చల్లువారిని మోసెనో, ఏ వరదలో ఏ అధికారిని దింపెనో చెప్పగలది దాని లాగ్‌బుక్కు ఒక్కటియే. తేది, బయలుదేరిన ఊరు, చేరిన ఊరు, పని, మైళ్లు, సంతకము అన్నియు అందు కలవు. బండిని వేలమునకు పంపునాడు ఆ లాగ్‌బుక్కు ఎక్కడికి పోవునో మన మిత్రులలో ఆ సీటు చూచువారు చెప్పగలరు.