విషాద సారంగధరము: కథయు, చరిత్రయు

రాజమహేంద్రవరమునకు బోయినవారికి సారంగధరుని మెట్టను జూపి, తండ్రి యాజ్ఞచే రాజకుమారుని కాలుసేతులు ఖండించిన చోటిదియే యని చెప్పుట వాడుక. ఆ తండ్రి మఱెవ్వరో కాడు. నన్నయభట్టారకునిచే భారతమును దెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు. అట్టి ధర్మప్రభువు ఇట్టి ఘాతుకమునకు నిజముగా బాల్పడెనా? ఈ ప్రశ్నను నేడు మనము విచారింతము.

కథ మీరెఱిగినదే. కుమారునకు సంబంధము వెదకుచు దెప్పించిన పటములలో చిత్రాంగి రూపమును జూచి, రాజు తానే యామెను వివాహమాడెను. ఎగిరిపోయిన పావురమునకై సవతితల్లి మేడకు బోయిన సారంగధరుని ఆమె మోహించెను. నీవు నాకు దల్లివని యతడు మ్రొక్కి తొలగిపోగా, నేరమును అతనిపైననే మోపెను. రాజు విచారింపకయే శిక్ష విధించెను. కన్నతల్లి రత్నాంగి మొఱ అరణ్యరోదనమయ్యెను.

బళ్లారి వాస్తవ్యులగు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) ఈ కథను ‘విషాద సారంగధర’ మను నాటకముగా రచించిరి. పూర్వకథలో సిద్ధుని కృపచే కుమారునకు అవయవములు మరల మొలచును. నాటకకర్త యా యూఱటను మనకు దక్కనీయలేదు. శుభాంతమే యుండవలెనను సంప్రదాయమును విడిచి దుఃఖాంతముగా వెలసిన తొలి తెలుగు నాటకముగా దీనిని విమర్శకులు పేర్కొందురు.

ఇక చరిత్రమును జూతము. రాజరాజు 1022లో వేంగీ సింహాసనమున బట్టాభిషిక్తుడయ్యెను. తండ్రి విమలాదిత్యుడు, తల్లి చోళచక్రవర్తి రాజరాజు కూతురగు కుందవ. పట్టమహిషి అమ్మంగదేవి రాజేంద్రచోళుని పుత్రిక. వీరి కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళసింహాసనము నధిష్ఠించి కులోత్తుంగుడని ప్రసిద్ధి కెక్కెను. శాసనములలో చిత్రాంగి లేదు, రత్నాంగి లేదు, సారంగధరుడును లేడు. పదునైదవ శతాబ్దమున గౌరన తన ‘నవనాథచరిత్ర’లో నీ కథను మాళవదేశపు రాజమహేంద్రునిదిగా జెప్పెను. పదునేడవ శతాబ్దమున చేమకూర వేంకటకవి దానిని రాజనరేంద్రుని కథగా గావ్యము రచించెను. పేరులోని పోలికచే మాళవపు నింద గోదావరీతీరమునకు జేరెనని భావించుట సమంజసము.

అట్లని ఆ రాజగృహమున కలహము లేకపోలేదు. అది తండ్రికిని కొడుకునకును గాదు, అన్నదమ్ములకు. సవతితల్లి కుమారుడగు విజయాదిత్యుడు రాజ్యమునకై పోరాడి, 1031లో వేంగిని వశపఱచుకొనెను. కొన్నియేండ్లకు గాని రాజరాజు దానిని మరల బొందలేదు. ఆ పోరులలో దనకు సాయమువచ్చి మడిసిన మువ్వురు చోళ సేనానుల స్మృతికై యతడు శివాలయములు కట్టించిన విషయమును కలిదిండి శాసనము తెలుపుచున్నది. దాయాదిపోరు ననుభవించిన యా రాజే దాయాదిపోరును వర్ణించు భారతమును దెలుగున వినగోరుట ఆలోచింపదగిన విషయము.

కావున రాజరాజును బుత్రఘాతకుడనుట అన్యాయము. ఇందొక చిత్రము గలదు. విచారణ లేక కొడుకును శిక్షించెనని ఏ రాజును మనము నిందించుచున్నామో, ఆ రాజునే మనమును విచారణ లేక శిక్షించితిమి. సాక్ష్యము నడుగలేదు, శాసనములను జూడలేదు, విన్నదానినే నమ్మితిమి.

అయినను నాటకము వ్యర్థము గాదు. చిత్రాంగి యొక్కతెయే దోషి యని చూచువారు తలంతురు. కుమారునకై చూచిన కన్యను దాను జేపట్టిన నాడే రాజు తన యింట నిప్పు పెట్టుకొనెను. తరువాతి దోషము తొందరపాటు. ఒక్కదినము తాళి కొడుకును బిలిచి యడిగియుండిన, నా యిల్లు నిలిచియుండెడిది.

పెద్దలారా! మీ రచ్చబండ యొద్దకును ఇంటితగవులు వచ్చుచుండును. ముందు వచ్చిన వాని మాట తీయగనే యుండును. రెండవవాడు నోరు విప్పువఱకు దీర్పు చెప్పకుడు. తెగిన చేయి మరల మొలచుట కథలలోనే గాని లోకమున లేదు.