అగ్గిపెట్టె మనది, లైటర్ ఎవరిది?



కోవిల్‌పట్టి, సాత్తూరు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో అగ్గిపెట్టె అంటాం, అంగట్లో తీప్పెట్టి అని అడుగుతాం. ఆ చిన్న పెట్టెకు నూరేళ్ల చరిత్ర ఉంది.

ఒకప్పుడు అగ్గిపుల్ల అంటే స్వీడన్ సరుకు, జపాన్ సరుకు. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రూపాయిన్నర చేసింది. మన మీద ప్రేమతో కాదు, ఖజానా కోసం. ఐనా అది మనకు కలిసొచ్చింది. ఆ ఏడే శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి పని నేర్చుకొని వచ్చారు. స్వీడన్ కంపెనీ కూడా ఊరుకోలేదు. 1923లో విమ్కో పేరుతో ఈ దేశంలోనే కంపెనీ పెట్టింది. యంత్రం వాళ్లది, చేతిపని మనవాళ్లది. తరువాత ఎక్సైజు పన్నులో చేతిపనికి రాయితీ దొరికింది కాబట్టి చిన్నవాళ్లు నిలబడ్డారు.

మన కరిసల్ నేలలో వాన తక్కువ. ఆ ఎండే పుల్లలు ఆరడానికి మేలయింది. సేద్యం లేని ఏడు ఈ పనే ఆడవాళ్లకు కూడు పెట్టింది. కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం'లో రాసిన తెలుగువాళ్లు వచ్చి దిగిన నేల ఇదే.

మచ్చ కూడా చెప్పాలి. ఈ పనిలో పిల్లల చేతులు ఎన్నో మాడాయి. శివకాశి కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మన ఊరి సరుకైతే తప్పు కంటికి కనబడుతుంది, అడగవచ్చు, కోర్టుకెక్కవచ్చు. సముద్రం అవతలి ఫ్యాక్టరీని మనం ఎలా అడుగుతాం?

ఇక లెక్క చూద్దాం, గుమాస్తా బుద్ధి పోదు కదా! 2007 నుంచి రూపాయిగా ఉన్న పెట్టె 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. పది రూపాయల చైనా లైటర్ ఇరవై పెట్టెల పని చేస్తుందని తయారీదారులు మొర పెట్టుకున్నారు. అంటే నలభై రూపాయల సరుకు పోయినట్టు. కొన్నవారికి ముప్పై రూపాయలు మిగులు, నిజమే. కాని ఆ నలభైలో పెట్టెలు నింపే అక్కల కూలి ఉంది. 2022లో మన ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాశారు. 2023 జూన్‌లో ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది.

చట్టం ఓడరేవు దగ్గర ఆపుతుంది. అంగడి దగ్గర ఆపవలసింది మనమే. రేపు దీపం పెట్టేటప్పుడు పెట్టె మీద ఊరి పేరు ఒకసారి చదవండి. అక్కడ మన చుట్టాలు ఉంటారు.